చీటీలో చివరి వరుస

ఎనిమిదేళ్లుగా నాకు జీతం లేని ఉద్యోగం ఒకటుంది. స్వచ్ఛందంగా నడిచే ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఓ చిన్న ప్యాకేజీకి నేను మెయింటైనర్‌ని. గరగరమంటూ చీటీలు కొట్టే పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు కొత్త కంప్యూటర్ల మాట వినేలా చేసే ప్రోగ్రామ్ అది. రాసింది నేను కాదు. రాసినవాళ్లు మార్పులు చేసినప్పుడల్లా వాటిని తెచ్చుకుని, నిజమైన ప్రింటర్ మీద కొట్టి చూసి, అప్పుడు జనానికి వదలడం నా పని. ఫిర్యాదులొస్తే జవాబు చెప్పడం కూడా. ప్యాకేజీ పక్కన నా పేరుంటుంది. గన్‌ఫౌండ్రీలో నేను చేసే గుమాస్తా పనిలో నా పేరు ఎక్కడా కనపడదు కాబట్టి, ఆ పేరంటే నాకు మహా మోజు.

"పైసా రాని కొలువుకి ఇంత డాబా!" అని మా ఆవిడ ఎగతాళి చేసేది.

మూడేళ్ల క్రితం నా ప్రింటర్ పాడైపోయింది. పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. అలాంటప్పుడు ఏం చెయ్యాలో ప్రాజెక్టులో పద్ధతి ఉంది. "ఇక నేను చూడలేను, ఎవరైనా తీసుకోండి" అని అందరికీ ఒక ఉత్తరం రాయాలి. అందులో చిన్నతనమేమీ లేదు, ఎందరో రాస్తుంటారు. నేనూ రాశాను. నా పేరు తీసేస్తారన్న బెంగతో పంపకుండానే చెరిపేశాను. ఆ తరవాత వచ్చిన మార్పులన్నిటికీ, కంప్యూటర్ తప్పు పట్టకపోతే చాలనుకుని, "పరీక్షించాను" అని రాసి వదిలేశాను. అబద్ధమని నాకు తెలుసు.

పోయినేడు వచ్చీరాని ఇంగ్లీషులో ఒక ఫిర్యాదు వచ్చింది, చీటీలో చివరి వరుస పడటం లేదని. ఈ పని చేసేవాళ్లందరికీ ఒక ఊతపదం ఉంది: "నా దగ్గర బాగానే ఉంది." అదే రాసేశాను. కాగితం సైజు చూసుకోండని ఒక సలహా పడేసి ఫిర్యాదు మూసేశాను.

నెలన్నరకి అదే మనిషి ఈసారి తెలుగులో రాసింది. "మీ పేరు చూస్తే మనవారే అనిపించింది. మాది నాంపల్లిలో చిన్న ధర్మ కంటి దవాఖాన. ఈ ఊళ్లోనే ఉంటే ఒకసారి వచ్చి చూడగలరా?"

మర్నాడు మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పకుండా ఆఫీసు నుంచి బయల్దేరి, అబిడ్స్ మీదుగా నడిచి వెళ్లాను. చీటీల కౌంటర్లో ఉన్నావిడకి యాభై దాటి ఉంటాయి. నేనెవరో చెప్పగానే లేచి కుర్చీ వేసింది. ఆ మర్యాదకి నాకు సిగ్గేసింది.

"మీరు చెప్పినట్లనే పేపర్ సైజు మార్చిన సార్. ఒక చీటీ కొట్టి చూసిన, మంచిగనే వచ్చింది. అప్పటిదాంక ఆఖరి లైను చేత్తోని రాస్తుంటి, ఇగ బందు చేసిన," అంది. "గని నేను కొట్టి చూసింది చిన్న చీటీ. మందులు ఎక్కువుంటే ఆ లైను పడతనే లేదు. నేను చూస్కోలే."

"ఆ వరుసలో ఏముంటుందండీ?"

"ఆపరేషనైనోళ్లు మల్ల ఎప్పుడు రావాల్నో, గా తారీఖు."

ఆవిడ గోడవారన బెంచీ మీదున్న పెద్దాయన్ని చూపించింది. మొజంజాహీ మార్కెట్ దగ్గర బండి మీద పళ్లమ్ముతాడు. శుక్లం తీశాక వారానికి రావలసినవాడు, పదిహేను రోజులకి, కన్ను చీము పట్టాక వచ్చాడు. చూపు పోయింది. మిగిలింది రెండో కన్ను, దానికీ శుక్లమే.

నేను ఆయన పక్కన కూర్చుని, ఆ ప్రోగ్రామ్ చూసేది నేనేనని, పరీక్షించకుండానే బాగుందన్నానని చెప్పాను.

"చీటీ చదివిచ్చుకున్న బిడ్డా. తారీఖు లేదన్నరు. ఇగ వచ్చే పని లేదేమో అనుకున్న," అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ కౌంటర్ దగ్గరే కూర్చుని, నేను నిజంగా పరీక్షించిన పాత వెర్షన్ మళ్లీ పెట్టాను. అన్నిటికంటే పొడుగు చీటీ కొట్టి చూశాను, చివరి వరుస పడింది. అప్పుడు అందరూ చూసేచోట రాశాను: "మూడేళ్లుగా నా దగ్గర ప్రింటర్ లేదు. పరీక్షించానన్నది అబద్ధం. దీన్ని ఎవరైనా తీసుకోండి."

ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు ఏ మార్పు వచ్చినా భోజనాల వేళ దవాఖానకి వెళ్లి, వాళ్ల ప్రింటర్ మీదే కొట్టి చూస్తున్నాను. నా పేరు ఇంకా ప్యాకేజీ పక్కనే ఉంది. ఆ మోజు మాత్రం పోయింది.

పోయిన నెల పెద్దాయనకి రెండో కన్ను ఆపరేషనైంది. ఆరోజు నేనక్కడే ఉన్నాను. కంటికి పట్టీ ఉంది. చీటీ నేనే చించి చేతిలో పెట్టాను. ప్రింటర్ సూదులు కాగితం మీద చిన్న గుంటలు వదులుతాయి. ఆయన చీటీ అడుగున బొటనవేలితో తడిమి చూశాడు.

"తారీఖు పడ్డదా బిడ్డా?"

"పడింది," అన్నాను.

ఆయన కౌంటర్ వైపు తిరిగి, ఆవిడని మళ్లీ అదే అడిగాడు.