శాలువాల బాలనర్సింహ

ఎమ్మెల్యే బాలనర్సింహ గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదురుగా మనిషి కనిపిస్తే శాలువా కప్పకుండా ఉండలేరు.

మిగతా నాయకులూ కప్పుతారు, కాదనడం లేదు. కానీ వాళ్లు సభల్లో కప్పుతారు. ఈయన కరెంటు స్తంభం మీదున్న లైన్‌మన్‌ను కిందికి దింపించి మరీ కప్పారు. అతను దిగి, కప్పించుకుని, దండం పెట్టి మళ్లీ పైకెక్కేదాకా గల్లీ మొత్తం ఉక్కపోతలో ఆ ఘనకార్యాన్ని తిలకించి తరించింది. నీళ్లు రావడం లేదని లొల్లి చేయడానికొచ్చిన ఆడవాళ్లకు కప్పితే, వాళ్లు ఖాళీ బిందెలతో, నిండు గౌరవంతో ఇళ్లకు వెళ్లారు. ఒక పెళ్లిలోనైతే పెళ్లికూతురు దండ వేసేలోపే పెళ్లికొడుక్కి శాలువా కప్పేశారు.

ఈ మహాయజ్ఞానికి పళ్లెం దగ్గర్నుంచి ఫొటోగ్రాఫర్ దాకా సర్వం సమకూర్చేవాడు పీఏ ప్రభాకర్. లాల్‌దర్వాజా గల్లీల్లో పెరిగిన మనిషి. కప్పడం గురించి అతనికి పెద్దగా అభ్యంతరం లేదు, కప్పడానికి పట్టే సమయంతోనే పేచీ. ఎమ్మెల్యే గారు శాలువా ఒక భుజాన వేసి, అంచు సర్ది, రెండో భుజాన వేసి, మళ్లీ సర్ది, ఎదుటి మనిషి చెవికి మూతి ఆనించినట్టు వంగి అలాగే ఉండిపోతారు. ఎడమ చెంప ఫొటోలో బాగా పడుతుందని ఆయనకు ఎవరో చెప్పి ఉంటారని ప్రభాకర్ గట్టి నమ్మకం.

ఆగస్టులో ఒకరోజు ఎమ్మెల్యే గారు ప్రకటించారు.

"ప్రభాకరూ, పంద్రాగస్టు వస్తున్నది. వారమంత మన ఏరియాల మాజీ సైనికులకు సన్మానం జేద్దాం. శాలువాలకు ఫికర్ లేదు గదా?"

"శాలువాలకు లేదు సార్. సైనికులకే."

అన్నట్టే అయింది. సగం వారానికే సైనికులు అయిపోయారు. ఆఫీసు బయట జనన ధ్రువపత్రాలకనీ, వీధి దీపాలకనీ వచ్చినవాళ్లు బెంచీలు అరగదీస్తుంటే, లోపల కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ కవాతు చేసిన ఒక మిఠాయి దుకాణదారును నిలబెట్టి దేశరక్షకుణ్ని చేశారు. ఆయన బిత్తరపోయి, పంపకానికి తెచ్చిన జిలేబీ తనే తిన్నాడు.

చివరికి ఎవరో హవల్దార్ జోయెల్ పేరు చెప్పారు. ఫిరంగి దళంలో పనిచేసి వచ్చిన మనిషి. గాజుల హోల్‌సేల్ వ్యాపారి బసవయ్య ఇంట్లో పైపోర్షన్‌లో అద్దెకుంటున్నాడు. ప్రభాకర్ నిటారు మెట్లెక్కి రొప్పుతూ తలుపు కొట్టాడు.

"రేపు మీకు సన్మానం సార్!"

"ఏందీ?" అన్నాడు జోయెల్. ఫిరంగులు ఆయన చెవుల్ని యుద్ధంలోనే ఉంచేసుకున్నాయి.

"సన్మానం!"

"సామానా? సామాను కిందుంటది. బసవయ్యవి, గాజుల డబ్బాలు."

లోపల మంచం మీదినుంచి ఆయన భార్య విమలమ్మ గొంతెత్తింది. "సామాను గాదు, సన్మానమంట! శాలువా కప్పుతరంట!"

"ఇంకొకటా? కిటికీలన్నిటికీ కర్టెన్లు అయిపోయినయ్ గదనే!"

"మీరు గూడ రాండ్రి అమ్మా," అన్నాడు ప్రభాకర్ మర్యాదకు.

"నేనేడికొస్త కొడకా," అని నవ్విందామె.

మర్నాడు హాలు నిండింది. పళ్లెం పట్టుకునే పిల్లకు జ్వరం రావడంతో ఆ బాధ్యత ప్రభాకర్ మీదే పడి, మొదటిసారి ఎమ్మెల్యే గారి పక్కనే నిలబడ్డాడు. ఆయన శాలువా కప్పారు. సర్దారు. వంగారు. ప్రభాకర్ మనసులోనే ఎడమ చెంపకు దండం పెట్టాడు. అప్పుడు వినబడింది.

"ఇంట్ల ఏమన్న తక్లీఫ్ ఉన్నదా బాపు? నా చెవుల చెప్పు. ఎవ్వలికి తెల్వనియ్య."

"ఏందీ?" అని కవాతు మైదానం గొంతుతో అరిచాడు జోయెల్.

హాలు ఉలిక్కిపడింది. ఎమ్మెల్యే గారు కంగారులో శాలువాను ఇద్దరి తలల మీదికీ లాగేశారు. వేదిక మీద జరీ గుడారం వెలిసింది. ఫొటోగ్రాఫర్లు ఎగబడ్డారు. గుడారంలో ఈసారి కాస్త గట్టిగా ఏదో గుసగుస, ఆ వెంటనే ఫిరంగి.

"నాకేం తక్లీఫ్ లేదు సాబ్! విమలకే! పక్షవాతమొచ్చినంక మెట్లు దిగలే! కింది పోర్షన్ల ఉంటే గల్లీ అన్న జూస్తది! బసవయ్యను అడగాల్నంటే నామోషీ అయితున్నది! ఈ మాట బయటికి పోవద్దు సాబ్!"

ముందు వరసలో బసవయ్య మెల్లగా లేచాడు.

"ఓ జోయెల్ భాయ్! గాజుల డబ్బాలకేమన్న కాళ్ల నొప్పులా? పైకెక్కిస్తే ఎక్కుతయ్. మీరు కిందికి రాండ్రి. నాకొక్క మాట చెప్తే ఏమాయె?"

"ఏందీ?" అంది గుడారం.

తిరిగి వెళ్తూ కారులో ప్రభాకర్ ఇక ఆగలేకపోయాడు. "అయితే సార్, ఇన్నేండ్ల సంది చెవుల అడిగేది గిదేనా? నేను ఫొటోకనుకున్న."

"ఫొటో గూడ మంచిగనే వస్తది గదా," అని ఎమ్మెల్యే గారు కిటికీలోంచి బయటికి చూశారు. "ఇజ్జత్‌గల్లోళ్లు ఆఫీసుల లైను గడ్తరా ప్రభాకరూ? శాలువా కప్పుకుంట దగ్గరికి పోతే ఎవ్వలేమనుకోరు."

సన్మానం అయ్యాక కారెక్కగానే 'ఫలానా ఆయన మనుమరాలి సీటు సంగతి చూడు', 'ఫలానా ఇంటికి నీళ్ల ట్యాంకర్ పంపు' అని ఈయన పురమాయించే పనులన్నీ ప్రభాకర్‌కు గుర్తొచ్చాయి. ఇన్నాళ్లూ చుట్టూ తిరిగే చెంచాగాళ్లెవరో ఈ సంగతులు ఆయన చెవిన వేస్తున్నారనుకున్నాడు.

"మరి ఆ లైన్‌మన్?"

"బిడ్డకు దవాఖానల బెడ్డు దొరకలే. పాపం, ఎవ్వలికి చెప్పుకోలేదు."

"పెళ్లికొడుకు?"

ఎమ్మెల్యే గారు బుర్ర గోక్కున్నారు. "వానికేం లేదు. జోష్‌ల కప్పేసిన."

ఆదివారం గాజుల డబ్బాలు పైకెక్కాయి. ఎమ్మెల్యే గారు స్వయంగా ఒక డబ్బా మోసి, మెట్ల మీద జారవిడిచి, ఇక మోయవద్దని బసవయ్య చేత బతిమాలించుకున్నారు. జోయెల్, ప్రభాకర్ చెరోవైపూ పట్టి విమలమ్మను కుర్చీతో సహా దించి గడపలో కూర్చోబెట్టారు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని గల్లీని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఆత్రంగా చూసింది. ఆశీర్వాదం అందుకుందామని ఎమ్మెల్యే గారు చేతులు జోడించి ముందుకొచ్చారు.

"ఎమ్మెల్యే అంటే నువ్వేనా కొడకా?"

"అవునమ్మా."

"మరి గీ మోరీ సంగతేంది? మురికినీళ్లు ఇంటి ముందలనే పొర్లుతున్నయ్. పైనుంచి నాకు కనవడకపోతుండె."

"రేపే బాగు చేయిస్తమమ్మా."

"రేపంటే పొద్దుగాలనా, మాపటీలా?" అంది విమలమ్మ, కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ. "చెప్పు, తొందరేం లేదు. ఇగ నేను దినాం గీడనే ఉంట."