గాజుల ఖాలా మూతి పొక్కు

హాలియా బజారులో, పిన్నిని పిలిచినట్టు అందరం 'ఖాలా' అని పిలిచే లాడ్లీ బేగం గాజుల కొట్టు పక్కనే నా కుట్టు మిషన్. మధ్యలో రేకు గోడ. ఆ గోడ ఉన్నందుకు ఆమె మాట నాకు వినపడదనుకుంటున్నారా? బస్టాండులో కండక్టరుకే వినపడుతుంది! వచ్చినవాళ్ల చెయ్యి మెల్లగా నొక్కి, మాటల్లో పెట్టి, గాజులు ఎక్కించేస్తుంది. ఆలోపు వాళ్ల అత్తనీ మొగుణ్ణీ కూడా కడిగి ఆరేస్తుంది. చేతులు నిండి, మనసు తేలికపడి పోతారు ఆడవాళ్లు.

మా గల్లీలో ఎవరింట్లో పిల్ల పుట్టినా ఖర్జూరం నమిలి, ఆ తీపి వేలితో అంగిట్లో రాసేది ఆమే. ఎవరు రాస్తే వాళ్ల గుణం వస్తుందని నమ్మకం. నాకూ ఆమే రాసిందట. నేను నోరు తెరిచినప్పుడల్లా మా అమ్మ నర్సింగమ్మ రేకు గోడ వైపు చూసి, "అంత ఆ బేగం పుణ్యమే" అంటుంది.

అలాంటి ఖాలాకు ఇన్నాళ్లకు మనవరాలు పుట్టింది. కోడలు జబీన్‌నూ పసిదాన్నీ శుక్రవారం నల్గొండ దవాఖాన నుంచి తెస్తారనగా, ఎండకు జ్వరం తెచ్చుకుని లేచిన ఖాలా పై పెదవి మీద గుత్తిగా నీటి పొక్కులు!

"బల్లి ఉచ్చ పోసింది," అంది ఖాలా, ఆ బల్లిని కళ్లారా చూసినట్టు.

ఇక మొదలైంది వైద్యం. పాన్ డబ్బాలోని సున్నం రాసి, మంటకు గంతులేసింది. పళ్ల పేస్టు రాసింది. చివరికి కుమ్మరోళ్ల గుర్వమ్మను పిలిపించింది. ఒంటి మీద ఇలాంటి పొక్కులు లేస్తే ఎర్రమట్టితో సింహం బొమ్మ గీస్తారు మా దగ్గర. పెదవి మీద సింహానికి జాగా ఏదీ? తోక చెంప మీదికి పాకింది. గాజులకొచ్చినవాళ్లు ఆ మొహం చూసి గాజుల సంగతే మరిచిపోయారు.

నాకు ఒళ్లు మండి ఆటో ఎక్కించి దవాఖానకు లాక్కెళ్లాను. డాక్టరమ్మ సింహాన్ని తుడిచి చూసింది.

"బల్లీ లేదు, ఏం లేదు. ఇది వైరస్. ఒంట్లోనే దాక్కొని ఉంటది, జరమొస్తే, ఎండ తాకితే లేస్తది. మందు రాయి, గిల్లకు, చేతులకు గూడ అంటుకుంటది. పెద్దగ నవ్వకు, పగులుతది. కానీ పసిపిల్లకు అంటితే పాణం మీదికొస్తది. పూర్తిగ మానేదాక ముద్దులొద్దు, ఎంగిలి తాకనియ్యొద్దు."

తిరుగు ఆటోలో ఖాలా మందు ట్యూబును అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. సాగర్ కాలువ దాటాక ఒక్కసారిగా పేలింది.

"మూతికి గుడ్డ కట్టుకుంట. ఒక్క ఏలే కద!"

"నమిలేది నోటితోనే కద ఖాలా."

"నీ నోట్లె తీపి రాసినదాన్ని. నాకే అడ్డమొస్తవా?"

"నువ్వు రాసినవు కాబట్టే గిట్ల మాట్లాడుతున్న."

ఆమె నవ్వలేదు. "నేను రాయకుంటె ముసలాయన రాస్తడు. పిల్ల నోరు లేనిదైతది, సుమనా," అంది. కళ్లల్లో నీళ్లు. ముసలాయనంటే భర్త ఫక్రుద్దీన్. నికా రోజు ఒప్పుకుంటూ 'ఖబూల్' అన్నాక ఆయన గొంతు విన్నవాళ్లు తక్కువ. ఊరి పిల్లలందరికీ రాసిన చెయ్యి సొంత మనవరాలికి రాయలేకపోవడం అన్యాయం కాదా? ఆ పొక్కు మీద నాకు నిజంగా కోపమొచ్చింది. అయినా ఊరుకోలేదు.

శుక్రవారం పిల్లను తెచ్చాక ఖాలా కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, కొట్టు వెనకే ఉన్న ఇంటి గడప బయటే నిలబడింది. నేను దారికి అడ్డంగా నిలబడ్డాను, ఎందుకైనా మంచిదని. లోపల ఫక్రుద్దీన్ చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. నమలడానికి పళ్లు లేవు గనక ఖర్జూరం గిన్నెలో మెదిపాడు. "జర సన్నగ! గింజ తీసినవా? గోరు తాకనియ్యకు!" అని బయటి నుంచి ఖాలా హుకుంలు.

ఆయన వేలు అలా అంగిట్లో తగిలిందో లేదో, ఆ పిడికెడు పిల్ల కెవ్వుమంది. ఎట్లా! రేకు గోడ అదిరింది. కొట్టు ముందు జనం పోగయ్యారు. జబీన్ ఎంత ఊపినా ఆపదే!

"యా అల్లా!" అంది ఖాలా. "గది నా నోరే!"

ఫక్రుద్దీన్ పిల్లను చూశాడు, పెళ్లాన్ని చూశాడు.

"ఇగ ఇద్దరు," అన్నాడు.

లాడ్లీ బేగం విరగబడి నవ్వింది. పొక్కు పగిలింది. పిల్ల కోసం అప్పటికే ముందుకు చాచిన చేతులు వెనక్కి తీసుకుని, కొంగుతో మూతి అదుముకుని, ఎవరూ చెప్పకుండానే గడప నుంచి ఇంకో అడుగు దూరం జరిగింది.