సిమెంటు మింగిన అక్షరాలు

కరోనా తగ్గాక వచ్చిన రెండో ఎండాకాలం. ప్రొద్దుటూరులో కొత్త నగల కొట్లకు జిప్సమ్ బోర్డు గోడలు వేస్తూ తీరిక లేకుండా ఉన్నాను. అప్పుడు జమ్మలమడుగు పక్క పల్లె నుంచి రిటైరైన సుగుణమ్మ టీచరు ఫోన్ చేసింది. "మా చర్చి గోడ పగిలిందప్పా, వచ్చి చూస్తావా?" కొత్త గోడ ఎవడైనా కడతాడు. పగిలినదాన్ని నిలబెట్టడంలోనే నాకు మజా. మరునాడే బస్సెక్కాను.

పాతకాలపు చర్చి అది. రాతి గోడ, దాని మీద సున్నం పూత. పాస్టరు నిలబడే చోటికి వెనక గోడ మీద పెద్ద నల్ల అక్షరాలతో ఒక బైబిలు వాక్యం ఉంది. సరిగ్గా దాని మధ్యలోంచి పగులు దిగింది. పగులును నింపిన సిమెంటు చార కింద కొన్ని అక్షరాలు సగానికి మునిగిపోయాయి.

"ఇది మా నాయన రాసిండేది," అంది టీచరు. "ఆయన ఫోటో గూడా మాకాడ లేదు. సంఘపోళ్లేమో పూతంతా కొట్టేసి టైల్స్ వేపిస్తామంటాండారు. పెచ్చులు పిల్లోళ్ల మీద పడతాయని వాళ్ల భయం."

పగులు ఎవరు పూస్తున్నారని అడిగాను. సంఘ పెద్ద జాన్ మామ ఛాతీ విరుచుకున్నాడు. ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. "నేనే. ఏటా క్రిస్మస్ ముందు ఒక మూట సిమెంటు కానుకిస్తాండా. ఐనా ఎండాకాలానికి మళ్లా నోరు తెరుస్తాది."

నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. మా వైపు సిమెంటు మీద ఎంత నమ్మకమంటే, పంటినొప్పికి కూడా అదే పెట్టేలా ఉన్నాం! సున్నం పూత మెత్తనిది, ఎండకూ వానకూ కొద్దిగా కదులుతుంది. సిమెంటు కదలదు. అందుకే రెండూ కలిసే అంచున ఏటా కొత్త పగులు పుడుతుంది.

"మామా, నీ కానుకే గోడను చీలుస్తాంది," అన్నాను.

"దేవునికిచ్చిందాన్ని గీకేస్తావా?" అని ముఖం మాడ్చుకున్నాడు.

"గీకకపోతే దేవుని మాటే రాలిపోతాది."

ఆయన టీచరు వైపు చూశాడు. ఆమె తలూపాక పక్కకు జరిగి నాకు దారిచ్చాడు.

వేలి కణుపుతో గోడ తట్టాను. అక్షరాల కిందంతా డొల్ల శబ్దం. అంటే పూత రాయిని వదిలేసింది, సుత్తి దెబ్బ పడితే మొత్తం ఊడి వస్తుంది. పగులుకు ఇరువైపులా అక్షరాల మీద పలచటి నూలుగుడ్డను గంజితో అంటించాను. అది ఆరాక హ్యాక్సా బ్లేడుతో సిమెంటును ఓపికగా కోసి తీశాను. తర్వాత గ్రౌటింగ్, అంటే పలచటి సున్నాన్ని సిరంజితో డొల్లలోకి ఎక్కించడం. చివరికి పగులును సున్నం, సన్న ఇసుక కలిపిన ముద్దతో పొరలు పొరలుగా నింపాను. ఒక్కో పొర ఆరేదాకా ఆగాలి. నగల కొట్లవాళ్లు ఫోన్లో తిడుతూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను.

గుడ్డ ఊడదీసే రోజు సంఘమంతా వచ్చింది. నీళ్లతో తడిపి మెల్లగా లాగాను. ఒక్క పెచ్చు రాలలేదు. జాన్ మామ తానే వచ్చి గోడ తట్టాడు. గట్టి శబ్దం! "నిలబడిందప్పా!" అని చర్చి అదిరేలా అరిచాడు.

నింపిన చోట మాత్రం అక్షరాలు తెగి ఉన్నాయి. పెయింటరును పిలుద్దామన్నారు ఎవరో.

"వద్దు. ఆ కుంచె నాకియ్యి," అంది టీచరు. చిన్నప్పుడు పలక మీద వాళ్ల నాయన దిద్దించిన చెయ్యి అది. స్టూలెక్కి ఒక్కో అక్షరాన్నీ పూర్తి చేసింది. దూరం నుంచి చూశాను. తండ్రి గీత ఎక్కడ ఆగిందో, కూతురి గీత ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు.

ఆ తర్వాత టైల్స్ మాట ఎవరూ ఎత్తలేదు. ఎండాకాలాలు వచ్చి పోయాయి, వెంట్రుకంత పగులు కూడా రాలేదు. ఆ గోడను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే.

ఒకప్పుడు పగులు చూడటానికి పోతే ముందు గోడ తట్టేవాణ్ని. ఇప్పుడు ముందు ఇంటివాళ్లనే అడుగుతాను: "ఈ గోడ మీద మీకు ఏది పోగూడదు?"