ఇసుక సంగతి

చెప్పాల్సిన చోట ఒక్క మాట చెప్పలేదు. తరువాత, చెప్పానని అన్నాను. ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్నది మొదటిది కాదు, రెండోది.

నేను ట్రామ్ డ్రైవర్ని. ఆస్ట్రేలియాలో ఈ తీరం వెంట ఉన్న నాలుగైదు నగరాలకూ ఒకటే ట్రామ్ సంస్థ. పట్టాలు తడిసినప్పుడు బ్రేకు వేస్తే, చక్రాలు జారకుండా వాటి ముందు ఇసుక రాలాలి. ఆ రోజు నా బండిలో రాలడం లేదు. కంట్రోల్ రూమ్‌కి చెప్పాను. "నెమ్మదిగా పోనివ్వు. దిగేటప్పుడు తరువాతి డ్రైవర్‌కి చెప్పు. చివరి స్టాపులో బండి మారుస్తాం" అన్నారు.

తరువాతి డ్రైవర్ సలీం. హైదరాబాదువాడు. మిగతావాళ్ళతో అయితే ముందు బండి మాట, ఆ తరువాతే పలకరింపు. కానీ పొద్దుటినుంచీ ఇంగ్లీషులో నలిగిన నాలుక సలీం కనబడితే ఆగేది కాదు.

"ఇగో అన్నా, బిర్యానీ డబ్బా. వదినకియ్యి. నువ్వు నడుమల మూత తీసినవో, ఇంటికి ఖాళీ డబ్బానే పోతది."

"మీ బిర్యానీ ఎవరిక్కావాలయ్యా? మా ఇంట్లో గోంగూర ఉంది."

"గోంగూరనా! నీ మొకం గట్ల పుల్లగ ఎందుకుంటదో ఇయ్యాల సమజైంది."

నవ్వుకుంటూ దిగాను. డబ్బా చేతిలో ఉంది. ఇసుక సంగతి నోట్లోనే ఉండిపోయింది. చినుకులు మొదలయ్యాకైనా గుర్తొచ్చిందా? రాలేదు. డబ్బా మూత తీస్తుండగా కబురొచ్చింది. దిగుడులో ట్రామ్ జారి ముందున్న కారును గుద్దింది. లోపల నిలబడి ఉన్న ఒక పెద్దావిడ పడిపోయింది, తుంటి విరిగింది. ఆవిడ పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

విచారణలో సలీంని పక్కనే కూర్చోబెట్టి మేనేజర్ నన్ను అడిగాడు. "ఇసుక సంగతి ఇతనికి చెప్పావా?"

"చెప్పాను."

ఎందుకలా అన్నాను? భయం. అంతకన్నా గౌరవమైన కారణం కోసం ఏళ్ళ తరబడి వెతుక్కున్నాను, దొరకలేదు. సలీం కాదంటాడనుకున్నాను. అంటే, అప్పుడు ఒప్పుకునేవాణ్ణేమో. అతను నా ముఖంలోకి చూశాడు. తరువాత మేనేజర్ వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నాడు. "అన్న చెప్పానంటే చెప్పే ఉంటాడు. నేనే వినలేదేమో."

అతన్ని డ్రైవింగ్ నుంచి తీసేశారు. పక్క నగరానికి వెళ్ళినా అదే సంస్థ, అదే మాట. చివరికి మెల్‌బోర్న్ దగ్గర వెర్రిబీలో ఒక గోడౌన్‌లో చేరాడు. పని పోయిందన్న బాధ ఒక్కటే అయితే నేను ఎలాగో మోసేవాణ్ణి. ఒకసారి ఫోన్‌లో అన్నాడు.

"కార్ గూడ నడుపుతలేనన్నా. చెవులు చూపించుకున్న, మంచిగనే ఉన్నయన్నరు. మరి నువ్వు చెప్పింది నాకెందుకు ఇనబడలే?"

అప్పుడైనా చెప్పొచ్చు కదా? "ఆరోగ్యం జాగ్రత్త" అని పెట్టేశాను.

మొన్న ఆదివారం వెర్రిబీ వెళ్ళాను. ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉండిపోయిన డబ్బా తీసుకెళ్ళాను. ఒకరింటి డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదంటారు. అందులో ఏం పెట్టాలో తోచలేదు. ఖాళీగానే పట్టుకెళ్ళాను.

తలుపు తీసి, "అరె అన్నా! లోపలికి రా, చాయ్ పెట్టిస్త" అన్నాడు. లోపలికి వెళితే మళ్ళీ మాటల్లో పడతాను. నా సంగతి నాకు తెలుసు. గడప బయటే నిలబడ్డాను. ఈసారి బండి మాటే ముందు.

"సలీం, నీ చెవుల్లో ఏ లోపమూ లేదు. ఆ రోజు ఇసుక సంగతి నేను చెప్పనేలేదు. చెప్పానని అబద్ధమాడాను. తప్పు నాది. క్షమించు తమ్ముడూ."