అమ్మ చీరల బొంత

ముసురు విడిచిందని ఈ పొద్దున డాబా మీద పాత బొంత ఎండేశాను. వేడి తగలగానే కలరా ఉండల వాసన లేచింది. మీ ఇళ్ళలోనూ ఉండేవి కదా, చీరలు పొరలుగా పరిచి, కదలకుండా మూలల మీద బియ్యం డబ్బాలు పెట్టి కుట్టిన బొంతలు?

చిరిగిన చీరలతోనో, పోయినవాళ్ళ చీరలతోనో కుడతారు. మాది అలా కాదు. అమ్మ ఇంటిపనికి మస్కట్ వెళ్ళాక నేను ఏడుస్తూనే ఉండేదాన్ని. పలివెలలో మా నానమ్మ చూసి చూసి, అమ్మ పెట్టె తెరిచి దాచుకున్న చీరలన్నీ కలిపి బొంత కుట్టేసింది. అది కప్పుకున్నాక నా ఏడుపు ఆగింది.

సెలవు మీద వచ్చిన అమ్మ గుడికి బయల్దేరుతూ పెట్టె తీసింది. ఒక్క చీర లేదు.

"నేను చచ్చిపోయేననుకున్నారేంటండీ అత్తయ్యగారూ?"

"అవేం మాటలమ్మా. పిల్ల పడుకునేది కాదు, ఏం చెయ్యమంటావు" అంది నానమ్మ.

అమ్మ పెట్టె మూసేసింది. ఆ మధ్యాహ్నం నన్ను పక్కలో పడుకోబెట్టుకుంది. ఆమె దగ్గర ఏదో కొత్త సబ్బు వాసన. నాకు బొంతే కావాలని ఏడ్చాను. అమ్మే లేచి తెచ్చి కప్పి, చాప చివరికి జరిగింది.

చిన్నపిల్లవి, నీకేం తెలుసు అంటారు మీరు. నేనూ అలాగే సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది. చలేస్తోందంటే ఇందాక ఎండకు వెచ్చబడ్డ బొంత తెచ్చి కప్పబోయాను. అంచు ఒకసారి నిమిరి, మడతపెట్టి నాకే ఇచ్చేసింది.

"వద్దులేమ్మా. అది లేకపోతే నీకు నిద్ర పట్టదు."