తిప్పేస్వామి హెవీ పవర్ గాలం

పెనుకొండలో పెళ్లిళ్లకు షామియానాలు, మైకుసెట్లు బాడుగకిచ్చే తిప్పేస్వామి జీవితంలో నమ్మింది ఒకటే మాట: పవర్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది. ధర్మవరంలో ఒక పట్టుచీరలవాళ్ల పెళ్లికి ఆయన పెట్టిన బాక్సుల దెబ్బకు పక్కింట్లో మగ్గం మీది పోగులు తెగాయని గొడవైతే, దాన్ని కూడా మెచ్చుకోలుగానే తీసుకున్నాడు. యాభై దాటాక బీపీ వచ్చింది. చప్పుడు లేని పని ఏదైనా అలవాటు చేసుకోమని డాక్టరు చెబితే, ఫోనులో వీడియోలు చూసి చూసి, చేపలు పట్టాలని నిశ్చయించుకున్నాడు. చప్పుడు చేయకుండా నువ్వా అని భార్య వెంకటక్క నవ్వింది గానీ అడ్డం చెప్పలేదు.

హిందూపురం బజారులో గాలాలు, వలలు అమ్మే అంగడి మంజులతది. ఏ చెరువులో, ఏ చేపకు అని ఆమె అడగబోయింది. తిప్పేస్వామి ఆగలేదు. అన్నిటికంటే లావుపాటి గాలపు కర్ర తీసి, దాని మీద అచ్చువేసిన ఇంగ్లీషు అక్షరాలు ఆమెతో చదివించుకున్నాడు. పవర్ హెవీ అని విని సంతోషించాడు. యాక్షన్ ఫాస్ట్ అంటే ఫైటింగనుకుని ఇంకా సంతోషించాడు. టిప్ గట్టిగా ఉంటుందని చెప్పేసరికి మాత్రం ముఖం చిట్లించి, టిప్పూ గిప్పూ ఇచ్చేది లేదు, రేటు మాత్రమే ఇస్తానన్నాడు. తిరుగు బస్సులో ఆ కర్ర సగం కిటికీ బయటికి పోయింది. దానికి కూడా టికెట్టు కొట్టాలా వద్దా అని కండక్టరు సోమందేపల్లి దాకా ఆలోచించాడు.

ఆదివారం పొద్దున్నే తిప్పేస్వామి చెరువుకట్ట కింద కూర్చున్నాడు. ఆ చెరువులో ఉండేవి అరచేతంత జిలేబి చేపలు. అవి వచ్చి గాలానికి గుచ్చిన వానపామును కొరుక్కు తిని పోతున్నాయి. కర్ర కొస కదిలితే గదా తెలిసేది, అది రోకలిలా బిగుసుకుని ఉంది. ఈయన గుచ్చడం, అవి తినడం, పెళ్లి పంక్తిలో వడ్డన జరిగినట్టు జరిగిపోయింది.

చివరికి ఒకసారి దారం కొంచెం పక్కకు జరిగింది. తిప్పేస్వామి లేచి, షామియానా గుంజ పీకినట్టు రెండు చేతులా లాగాడు. కర్ర వంగలేదు గనక ఆ బలమంతా చేపకే పోయింది. అది నీళ్లలోంచి లేచి, గాలం ఊడి, ఆయన తల మీదుగా ఎగిరి, కట్ట మీద బండి ఆపుకుని పుష్ప టీచరుకు పాలు పోస్తున్న అంజనప్ప క్యానులో పడింది. పాలలోంచి తోక ఆడించుకుంటూ పైకి తేలిన చేపను పుష్ప టీచరు తేరిపార చూసి, గిన్నె తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

అంజనప్ప కట్ట దిగి వచ్చాడు. అతని ముఖంలో కోపం కంటే దిగులే ఎక్కువుంది.

"తిప్పన్నా, పాలల్లో చెరువు నీళ్లు కలుపుతానని ఊరంతా అంటాండారు. కాదని నేను ఒట్లు పెట్టుకుంటాండా. ఇప్పుడు పాలల్లో చేప తేలితే ఇంగ నన్నెవురు నమ్ముతారు?"

తిప్పేస్వామి ఆ పాలన్నీ తానే కొనుక్కుని, పుష్ప టీచరు ఇంటికి వెళ్లి చేప తనదేనని ఒప్పుకున్నాడు. ఆమె నమ్మింది గానీ, ఇకమీదట పాలు వడగట్టి పోయమని అంజనప్పకు చెప్పమంది.

తప్పు కర్రదేనని నిలదీయడానికి, అంజనప్పను సాక్షిగా వెంటబెట్టుకుని మళ్లీ హిందూపురం పోయాడు. మంజులత అంతా విని, నవ్వు ఆపుకోవడానికి కాసేపు గోడవైపు తిరిగింది. తర్వాత మూడు కర్రలు బల్లకు బిగించి, ఒకే నీళ్ల బాటిల్‌ను ఒక్కొక్కదాని కొసకు తగిలించి చూపించింది.

"చూడన్నా, పవర్ అంటే కర్ర వంగల్లంటే ఎంత బరువు పడల్ల అని. నీ హెవీ కర్ర ఈ బాటిల్‌కు తల కూడా వంచలేదు. యాక్షన్ అంటే యాడ వంగుతాదని. ఫాస్ట్ అయితే కొస కాడ్నే, స్లో అయితే పిడి దాంకా. టిప్ అంటే ఈ కొస. ఇది మెత్తగా ఉంటే చిన్న చేప ముట్టినా నీ చేతికి తెలుస్తాది."

"పవరెక్కువుంటే మంచిది గాదామ్మా?"

"పెద్ద బొచ్చె చేపకైతే మంచిదే. జిలేబికి గాదు."

పిచ్చిక మీద బ్రహ్మాస్త్రం వేశావన్నమాట అని అంజనప్ప తేల్చేశాడు. తిప్పేస్వామి మనసు చంపుకుని లైట్ పవర్, మీడియం యాక్షన్, మెత్తటి కొస ఉన్న కర్ర తీసుకున్నాడు. లైట్ అనే మాట ఎవరికీ కనబడకుండా దాని మీద టేపు అంటించాడు.

మరుసటి సాయంత్రం కర్ర కొస సన్నగా వణికింది. అరచేతిలో ఎవరో గిలిగింత పెట్టినట్టైంది. ఆయన గుంజబోతుంటే అంజనప్ప వెనక నుంచి చొక్కా పట్టుకున్నాడు. నెమ్మదిగా ఎత్తితే కర్ర సగం దాకా వంగి, చేప బుద్ధిగా ఒడ్డుకొచ్చింది.

ఆ ఒక్క చేపకు వెంకటక్క గిన్నెడు పులుసు కాచింది. తల తనదని తిప్పేస్వామి, తోక తనదని అంజనప్ప వాదించుకుంటూ గరిటెతో వెతుకుతూనే ఉన్నారు. ఉప్పు సరిపోయిందో లేదో చూడడానికని చేపనంతా పొయ్యి దగ్గరే తినేసిన సంగతి, వాళ్ల అన్నం అయిపోయేదాకా వెంకటక్క చెప్పలేదు.