ఏడో నంబరు బోల్టు

మావయ్య పోయాడన్న కబురు నాకు బడిలో అందింది. రాయ్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు బడిలో మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాను. వ్యాగన్ల షెడ్డు నుంచి వచ్చిన ఖలాసీ గుమ్మంలో నిలబడి, తలగుడ్డ విప్పి, "దీదీ, మిస్త్రీజీ ఇక లేరు" అన్నాడు. పని చేస్తూనే బల్ల మీద తల వాల్చాడట. చేతిలో పానా చేతిలోనే ఉందట.

పదో రోజున విజయనగరం నుంచి బంధువులు వచ్చారు. వచ్చినవాళ్లందరిదీ ఒకటే పాట. "మంచోడే గాని మొండోడు. ఆ రోజు పెద్దసాబు చెప్పినట్టు రాసీసుంటే ఈపాటికి హెడ్ మిస్త్రీ అయిపోడా?" వడ్డించేటప్పుడు నోరు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోను. వాళ్లకు జవాబుగానే ఇది రాస్తున్నాను.

మావయ్య మా అమ్మకు అన్న. నాన్న పోయాక అమ్మనూ నన్నూ తన క్వార్టర్లో పెట్టుకుని, ఒక్కనాడు కూడా ఆ సంగతి ఎత్తకుండా సాకాడు. యుద్ధంలో ఆయన పటాలపు తుపాకుల మిస్త్రీ. ముందు ఎడారిలో, తర్వాత బర్మా అడవిలో విరిగినవీ తుప్పు పట్టినవీ బాగుచేశాడు. శత్రువు వదిలేసి పోయిన రైఫిళ్లను కూడా విప్పి చూసేవాడు. తిరిగొచ్చాక ఇక్కడి రైల్వే కాపలావాళ్ల తుపాకుల గదిలో మిస్త్రీగా చేరాడు. అక్కడున్న తొమ్మిదీ ఇంగ్లీషువాళ్ల త్రీనాట్‌త్రీ రైఫిళ్లే.

సాయంత్రం టీ గ్లాసు చేతికి అందిందంటే వరండాలో రైఫిళ్ల పంచాయితీ మొదలయ్యేది. వంటింట్లోంచి అత్త అప్పడాల కర్ర మాయమయ్యేది. అదే రైఫిలు.

"జర్మనీవోడి మౌజరుంది చూశారూ, ఉక్కు ఉక్కే. గురికి తిరుగు లేదు. కాని అయిదే తూటాలు. తూటా ఎక్కించడానికి బోల్టు లాగితే చెయ్యి ముక్కు దాకా వచ్చీస్తాది, కన్ను గురి మీంచి తప్పుతాది. మన త్రీనాట్‌త్రీకి పది తూటాలు. బోల్టు ఇలా కురచగా తిరుగుతాది, కన్ను కదపక్కర్లేదు."

"జపానువాడిది?" అనేవారు పక్కింటి టిక్కెట్ కలెక్టరు గారు, ఊరికే ఎగదోయడానికి.

"గట్టిదే బాబూ. కాని పైన రేకు మూతొకటి, నడిస్తే గలగలమంటాది. అడవిలో మనమున్నామని మనమే చెప్పుకోడమేటి?"

"అమెరికావాళ్లది దానంతటదే తూటా ఎక్కించుకుంటుందట కదా? అయితే అదే గొప్పది, ఒప్పుకోండి."

"దానికి దణ్ణం పెడతాను. ఎనిమిదీ వరసగా పేలతాయి. కాని సగంలో ఒక్క తూటా కలుపుదామంటే తేలిక కాదు. దాని సామాను మనకెవడిస్తాడు? తుపాకీ గొప్పదా అని అడక్కండి. ఎవడి చేతిలో, ఏ బురదలో, బాగుచేసేవోడు ఎంత దూరంలో ఉన్నాడు, అది అడగండి. అలా అడిగితే త్రీనాట్‌త్రీని మించింది లేదు."

చివరి మాట అన్నాక టీ గ్లాసు నేల మీద ఠక్కున పెట్టేవాడు. ఆ మాటే ఒకరోజు ఆయన మెడకు చుట్టుకుంది.

ధమ్తరీ లైను మీద ఒక చిన్న గూడ్స్ షెడ్డుకు అభన్‌పూర్ మనిషి ఒకడు కాపలా ఉండేవాడు. ముగ్గురు పిల్లల తండ్రి. ఒక సాయంత్రం దొంగలు వచ్చారు. బెదిరిద్దామని పైకి గురిపెట్టి ఏడో నంబరు రైఫిలు మీట నొక్కాడు. టక్కుమంది, పేలలేదు. రెండోసారీ అంతే. దొంగలు వాణ్ణి చితకబాది బట్టల మూటలు ఎత్తుకుపోయారు. వీడు భయపడి అసలు కాల్చనే లేదు, ఉద్యోగం తీసేయాలి అన్నాడు కాపలావాళ్ల పై అధికారి పెద్దసాబు. రైఫిలు బాగానే ఉందని మావయ్య రాసి సంతకం పెట్టాలి. అంతే పని.

మావయ్య రైఫిలు విప్పాడు. ఆ రైఫిలు మీద ఒక నంబరుంది, బోల్టు మీద ఇంకోటి ఉంది. ప్రతి రైఫిలుకూ దాని బోల్టే సరిపడేలా అమర్చి ఉంటుంది. చూడ్డానికి మాత్రం అన్నీ ఒకటే. మారిపోతే బోల్టు మూసుకుంటుంది గాని తూటాకు బిగువుగా ఆనదు, తూటాను పేల్చే సూది తగిలీ తగలనట్టు తగులుతుంది. మారడం ఎలా జరిగింది? శనివారం శనివారం తుపాకులు కడుగుతారు. పని తొందరగా తెమలాలని పెద్దసాబే తొమ్మిది బోల్టులూ ఒకే తొట్టి కిరసనాయిల్లో వేయించే పద్ధతి పెట్టాడు. ఏ చేతికి ఏది దొరికితే అది బిగించేవారు. వద్దని మావయ్య రెండుసార్లు చెప్పాడు, విన్నవాడు లేడు.

విచారణకు ముందురోజు సాయంత్రం అత్త ఆయన ఎదురుగా నన్ను నిలబెట్టింది. "రాసే ముందు ఈ పిల్ల ముఖం చూడండి. దీని చదువింకా రెండేళ్లుంది. ఈ క్వార్టరు పోతే ఎక్కడుంటాం?"

మావయ్య నా ముఖం చూశాడు. "ఆడికీ పిల్లలున్నారే" అన్నాడు.

మర్నాడు విచారణలో జరిగింది ఆ కాపలావాడే తర్వాత మాకు చెప్పాడు. పెద్దసాబు నవ్వుతూ, "త్రీనాట్‌త్రీని మించింది లేదని రోజూ అనేది నువ్వే కదా మిస్త్రీ? మరి అది ఎందుకు పేలదు?" అన్నాడట.

"అన్నాను సాబ్. ఇప్పుడూ అంటాను. రైఫిలు మంచిదే, మనిషీ మంచోడే. కడిగే పద్ధతే తప్పు" అని, అదే కాగితం మీద రాసి సంతకం పెట్టాడట.

"ఇది మీ తెలుగువాళ్ల మొండితనం" అన్నాడట పెద్దసాబు.

కాపలావాడి ఉద్యోగం నిలిచింది. వారం తిరక్కుండా మావయ్యను వ్యాగన్ల షెడ్డుకు మార్చారు. ఒంటిగది క్వార్టరు ఇచ్చారు. మళ్లీ ఆయన తుపాకీ ముట్టింది లేదు. నేను నెల రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను. అప్పడాల కర్ర పంచాయితీ మాత్రం ఆ ఒంటిగది ముందు కూడా ఆగలేదు. తీర్పులో ఒక్క అక్షరం మారలేదు.

పదో రోజున ఆ కాపలావాడు కూడా వచ్చాడు. అందరూ తిని వెళ్లాక, "శనివారం ఒకసారి రండి దీదీ, మీకొకటి చూపించాలి" అన్నాడు. బడి వదిలాక వెళ్లాను.

తుపాకుల గదిలోకి నన్ను రానివ్వరు. గడప ఇవతలే నిలబడ్డాను. బల్ల మీద ఒక చెక్క పళ్లెం ఉంది. మావయ్య అక్కడ పనిచేసిన చివరి రోజున సరుకుల పెట్టె చెక్కతో చేసి వదిలి వెళ్లాడట. తొమ్మిది గాళ్లు. ఒక్కో గాడి మీద ఒక్కో అంకె, తెల్లరంగుతో, తెలుగులో. ౧ నుంచి ౯ దాకా. గోడవారగా రైఫిళ్లు నిలబెట్టే చోటా అవే అంకెలు. మొండితనం తెలుగువాళ్లదైతే అంకెలూ తెలుగువే ఉండనీ అన్నాడట.

"ఆ సాబు బదిలీ అయి వెళ్లిపోయాడు. ఇది ఉంది" అన్నాడు కాపలావాడు హిందీలో. "కొత్తగా ఎవడొచ్చినా ముందు ఈ తొమ్మిదీ నేర్పుతాం."

ఎనిమిది బోల్టులు అప్పటికే వాటి వాటి గాళ్లలో ఉన్నాయి. అతను తన ఏడో నంబరు రైఫిలు బోల్టు తీశాడు. గుడ్డతో తుడిచాడు. తెలుగు ఒక్క ముక్క రాని ఆ మనిషి, తడుముకోకుండా, దాన్ని ౭ అంకె కింద పెట్టాడు.